తెగాల్సిన తీగ

రోండా లోయలో వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వచ్చి తలుపు తడుతుంది.
ఒల్వెన్ ప్రాసర్ గారింట్లోకి
నా పనిముట్ల సంచి కంటే ముందు అదే వెళ్ళింది.

"తుంటి విరిగింది కదా అబ్బాయ్,
స్నానాల తొట్టి అంచు ఇప్పుడు నాకు కొండ.
ఓ కరెంటు షవర్ బిగించి పో.
నాలుగు మరలు తిప్పితే అయ్యే పనేగా?"

కాదు.
అది తొమ్మిదిన్నర కిలోవాట్ల ఆకలి.
నలభై ఆంపియర్లు ఒక్క గుక్కలో తాగుతుంది.
ముందు మెట్ల కింద చూడాలి.

మెట్ల కింద గొడుగులు, గమ్ బూట్లు,
ఇస్త్రీ బల్ల, గడ్డకట్టిన పెయింటు డబ్బా.
వాటి వెనక చెక్కపలక మీద
గోధుమరంగు బేకలైట్ పెట్టె,
నాలుగు పింగాణీ పళ్ళతో.
మూతమీద ఆమె భర్త ఇవోర్ పెన్సిల్ రాత:
పొయ్యి. ప్లగ్గులు. పైన దీపాలు. కింద దీపాలు.
ఒక ఇల్లు నాలుగు మాటల్లో సరిపోయిన కాలం.

మెయిన్ దించాను.
ఫ్రిజ్ ఓ నిట్టూర్పు విడిచి ఊరుకుంది.
దీపాల ఫ్యూజుల్లో తీగ వెంట్రుకంత, సరిగ్గానే ఉంది.
ప్లగ్గులది లాగితే
మూడు పాయల తీగ, బిగించి అల్లిన జడలా.

తెగడమే దాని ఉద్యోగం.
తాను కాలి కొంపను మిగల్చడం.
దీన్ని మాత్రం ఎవరో చావనివ్వలేదు.
గోడలో కేబుల్ రబ్బరు తొడుగు
వేలు తగిలితే బిస్కెట్టులా రాలింది.

పోయినవాడి చేతిరాత ముందు
ఏం చెప్పను?
"ఇవోర్ గారు కాస్త మందం తీగ వేసినట్టున్నారు..."

ఆమె పకపకా నవ్వింది.
"ఇవోరా! గని మనిషి.
జేబులో అగ్గిపెట్టె దొరికితే ఉద్యోగం ఊడే చోట
ఇరవయ్యారేళ్ళు చేశాడు. రవ్వంటే హడలు.
ఆ జడ నేనల్లింది.

ఆయన పోయిన చలికాలం
హీటర్ వేసిన ప్రతిసారీ చీకటి.
కొవ్వొత్తి పట్టుకుని ఇక్కడే మోకాళ్ళ మీద,
పదకొండు రాత్రులు, లెక్కపెట్టాను.
పన్నెండో రాత్రి నా ఓపిక తెగింది.
తీగ మాత్రం మళ్ళీ తెగలేదు."

ఇరవై రెండు చలికాలాలు
ఆ గోడ పక్కనే ఆమె నిద్రపోయింది.
నేనేమీ అనలేదు. టీ తాగాను.

రెండు రోజులు పట్టింది.
నేల చెక్కలెత్తితే నల్లటి పొడి,
గని మూసి ఎన్నేళ్ళైనా ఇంకా దిగుతూనే ఉంది.
బొటనవేలంత కేబుల్ పైదాకా లాగాను.
నీళ్ళ పైపుకి ఆకుపచ్చా పసుపూ చారల తీగ
మొలతాడులా కట్టాను.
కొత్త పెట్టెలో పది స్విచ్చులు.
పేర్లు రాయడానికి ఆమె పెన్సిలే ఇచ్చింది.

పరీక్ష మీట నొక్కాను. టక్. అంతా చీకటి.
"అమ్మో, దీనికింత రోషమా?"
"ముప్పై మిల్లీఆంపియర్లు దారి తప్పినా ఊరుకోదండి."
"అచ్చం ఇవోరే. ఒక్క మాట పడేవాడు కాదు."

కానీ మీటరు దగ్గరి పెద్ద ఫ్యూజు పాత అరవైదే.
దాని సీలు నేను తెంచకూడదు,
లైన్ల కంపెనీ వాళ్ళు వచ్చి వందది వెయ్యాలి.
మంగళవారం వస్తారట.
అప్పటిదాకా షవర్ ముట్టుకోవద్దన్నాను.

చెక్కలు దిగ్గొట్టి పైకెళ్ళి చూస్తే
పొడి షవర్ కింద మడత కుర్చీ మీద
కోటుతో సహా కూర్చుని ఉంది.

"కుంపటి ముందు రేకు తొట్టి, మా చిన్నప్పుడు.
నాన్న గనినుంచి వచ్చి దిగేవాడు,
అవే నీళ్ళలో అన్నయ్యలు నలుగురు.
ఆఖరి వంతు నాది.
నీళ్ళు ఎంత నల్లగా ఉండేవంటే
నా కాళ్ళు నాకే కనపడేవి కావు.
మంగళవారం ఎంతలో వస్తుందిలే."

కేబుల్ ముక్కలు ఏరుకుని కిందికొచ్చాను.
కంపెనీ వాళ్ళు పది గంటలన్నారు.
నా పుస్తకంలో మంగళవారం పక్కన
ఎనిమిది అని రాసుకున్నాను.